విమానం కొక్కేనికి చిక్కిన ఫిల్మ్: గూఢచారి ఉపగ్రహాలు ఎలా మొదలయ్యాయి

1950ల చివర్లో అమెరికాకు పట్టుకున్న బెంగ ఒకటే: సోవియట్ల దగ్గర అసలు ఎన్ని క్షిపణులున్నాయి? 1957 అక్టోబర్ 4న సోవియట్ల తొలి ఉపగ్రహం స్పుత్నిక్ పైకి వెళ్లాక ఆ బెంగ టెన్షన్‌గా మారింది. ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టినవాళ్లు అణుబాంబును వాషింగ్టన్ మీద వెయ్యలేరా అని జనం భయం. దీనికి ‘మిసైల్ గ్యాప్’ (క్షిపణుల్లో తేడా) అని పేరు కూడా పెట్టేశారు, 1960 ఎన్నికల్లో కెనెడీ దాన్ని గట్టిగానే వాడుకున్నాడు.

అయితే స్పుత్నిక్ వల్ల అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కి ఒక మేలు కూడా జరిగింది. మీ ఆకాశంలో మేము, మా ఆకాశంలో మీరు తిరిగి ఫొటోలు తీసుకుందాం అని 1955లో జెనీవాలో ఆయన ప్రతిపాదిస్తే, ఇదంతా గూఢచర్యం అని సోవియట్ నేత క్రుశ్చేవ్ కొట్టిపారేశాడు. స్పుత్నిక్ మాత్రం ఎవరినీ అడక్కుండా దేశాలన్నిటి మీదుగా తిరిగేసింది. రేపు అమెరికా ఉపగ్రహం తిరిగితే ఏ మొహం పెట్టుకుని కాదంటారు?

1958 ఫిబ్రవరిలో ‘కరోనా’ అనే రహస్య గూఢచారి ఉపగ్రహాల ప్రాజెక్టుకు ఆమోదం దొరికింది. నడిపేది సీఐఏ, వైమానిక దళం. బయటికి చెప్పేది మాత్రం ‘డిస్కవరర్’ అనే సైన్స్ ప్రయోగం. నమ్మించడానికి 1959లో ఒక రాకెట్‌లో నాలుగు నల్ల ఎలుకలను కూడా ఎక్కించారు, పాపం అవి కక్ష్య దాకా చేరనేలేదు. అప్పట్లో అంతరిక్షం నుంచి సిగ్నల్ ద్వారా పంపే బొమ్మలు పనికొచ్చేంత స్పష్టంగా ఉండేవి కావు, అందుకని తీసిన ఫిల్మునే డబ్బాలో పెట్టి కిందికి పడేయాలి. ఒక డబ్బా హవాయి దగ్గర పడాల్సింది ఆర్కిటిక్‌లోని స్పిట్స్‌బెర్గెన్ వైపు పోయింది, మళ్లీ దొరకలేదు. మామూలు ఫిల్ము శూన్యంలో పెళుసెక్కి తెగిపోతుంటే కోడాక్ వాళ్లు పాలిస్టర్ ఫిల్ము తయారుచేసిచ్చారు. డజను ప్రయోగాలు వరసగా తన్నేశాయి. ఈలోగా 1960 మే 1న సోవియట్లు అమెరికా గూఢచారి విమానం యూ-2ని కూల్చేసి పైలట్ పవర్స్‌ని ప్రాణాలతో పట్టుకోవడంతో పాత దారి కూడా మూసుకుపోయింది.

చివరికి 1960 ఆగస్టు 19న పని జరిగింది. డిస్కవరర్-14 వదిలిన డబ్బా పారాచ్యూట్‌తో హవాయి దగ్గర సముద్రం మీదికి దిగుతోంది. కెప్టెన్ హెరాల్డ్ మిచెల్ నడుపుతున్న సీ-119 విమానం వెనక తాళ్లు, కొక్కేలు వేలాడుతున్నాయి. రెండుసార్లు తప్పింది, మూడోసారి సుమారు 8,500 అడుగుల ఎత్తులో పారాచ్యూట్ కొక్కేనికి చిక్కింది. లోపల 9 కిలోల ఫిల్ము. నాలుగేళ్లలో యూ-2లు అన్నీ కలిసి చూసిన దానికన్నా ఎక్కువ సోవియట్ భూభాగం ఆ ఒక్క డబ్బాలో ఉంది, దాదాపు 43 లక్షల చదరపు కిలోమీటర్లు. బొమ్మలు మసకే, కారు కాదు కదా లారీ కూడా గుర్తుపట్టలేం, కానీ విమానాశ్రయాలు, క్షిపణి కేంద్రాలు ఎక్కడున్నాయో వెతకడానికి అది చాలు. అదే రోజు మాస్కో కోర్టు పవర్స్‌కి శిక్ష వేసింది.

అసలు విశేషం తర్వాతే. 1961 సెప్టెంబర్‌లో వేసిన రహస్య అంచనా ప్రకారం అమెరికా దాకా రాగల సోవియట్ క్షిపణుల లాంచర్లు 10 నుంచి 25, అంతే! వందల్లో ఉంటాయని వైమానిక దళంలో కొందరు వాదించారు. తేడా ఉన్న మాట నిజమే, కాకపోతే ముందున్నది అమెరికా. ఎన్నికల్లో భయపెట్టిన కెనెడీయే అప్పటికి అధ్యక్షుడు. నా దృష్టిలో ఈ ఉపగ్రహం చేసిన గొప్ప పని, లేనిది లేదని తేల్చడం.

సోవియట్లు మొదట్లో ఐక్యరాజ్యసమితిలో గొడవ చేశారు. 1962లో వాళ్ల జెనిట్ ఉపగ్రహాలు కూడా ఫొటోలు తియ్యడం మొదలుపెట్టాయి, ఆ తర్వాత గొడవ సద్దుమణిగింది. మనిషి ఎక్కిన వోస్టోక్ నమూనాలోనే కెమెరాలు పెట్టి, ఫిల్ముతో పాటు కెమెరాలను కూడా దించేసుకునేవాళ్లు.

ఫిల్ముతో చిక్కు ఆలస్యం. 1968లో చెకోస్లొవేకియా మీదికి సైన్యాలు కదులుతున్న ఆనవాళ్లు ఫొటోల్లో ఉన్నాయి, కానీ అవి చేతికొచ్చేసరికి దండయాత్ర అయిపోయింది. ఇప్పుడు మన షాద్‌నగర్‌లోని ఇస్రో యాంటెనాలు ఉపగ్రహం తలమీదుగా పోతుండగానే బొమ్మలు దించుకుంటాయి. అమెరికా గూఢచారులకు ఆ సదుపాయం 1976 డిసెంబర్‌లో కేహెచ్-11 ఉపగ్రహంతో వచ్చింది. రెండేళ్లు తిరక్కుండానే విలియం కాంపైల్స్ అనే సీఐఏ మాజీ ఉద్యోగి దాని మాన్యువల్‌ని 3 వేల డాలర్లకు సోవియట్లకు అమ్మేశాడు.

అంటే శత్రువుకి అన్నీ తెలుసు. తెలియనిది పన్నులు కట్టిన అమెరికా జనానికే. ఈ ఉపగ్రహాలను నడిపే సంస్థ ఒకటుందని ప్రభుత్వం 1992లో గాని ఒప్పుకోలేదు. కరోనా తీసిన 8 లక్షలకు పైగా ఫొటోల మీద రహస్యం ముద్ర తొలగింది 1995లో, అప్పటికి సోవియట్ యూనియనే లేదు.