వీల్ అలైన్‌మెంట్: బండి తిన్నగా పోతే సరిపోదు

అపోహ: స్టీరింగ్ వదిలినా కారు తిన్నగానే పోతోంది కాబట్టి అలైన్‌మెంట్ సరిగ్గానే ఉంది.

వాస్తవం: అలైన్‌మెంట్ పనిలో నేను ఎక్కువగా వినే మాట ఇదే, ఎక్కువ టైర్లను పాడుచేసే నమ్మకమూ ఇదే. నాలుగు చక్రాలూ ఒకదానితో ఒకటి, బండి మధ్యరేఖతో, నేలతో ఏయే కోణాల్లో ఉండాలని తయారీదారు నిర్ణయించాడో ఆ కోణాల్లో ఉండటాన్నే అలైన్‌మెంట్ అంటారు. ముందు చక్రాలు రెండూ సమానంగా బయటికి తిరిగి ఉంటే ఒకటి కుడికి, ఒకటి ఎడమకు లాగుతాయి. ఆ రెండు లాగుళ్లూ చెల్లుకు చెల్లు కావడంతో బండి తిన్నగానే పోతుంది గానీ, టైర్లు రోడ్డును రాసుకుంటూ పోతాయి. చక్రం అర డిగ్రీ పక్కకు తిరిగి ఉన్నా, కిలోమీటరుకు సుమారు 9 మీటర్ల మేర రబ్బరు అడ్డంగా ఈడ్చుకుపోతుంది.

దీన్ని కంటికంటే ముందు అరచెయ్యి పట్టుకుంటుంది. ఆపి ఉన్న బండి టైరు మీద చేతిని లోపలి నుంచి బయటికి, తిరిగి బయటి నుంచి లోపలికి నిదానంగా పోనివ్వండి. ఒకవైపు నున్నగా జారి, రెండోవైపు రంపపు పళ్లలా గీరుకుంటే టో, అంటే పైనుంచి చూస్తే చక్రాల ముందు భాగం లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం, తప్పిందని అనుమానించాలి. ఒక వేసవిలో దూరప్రయాణానికి ముందు గాలి పట్టించుకోవడానికి ఒక కుటుంబం వచ్చింది. బయటి నుంచి చూస్తే టైర్లు కొత్తవాటిలా ఉన్నాయి, లిఫ్టు ఎక్కించి చూస్తే లోపలి అంచున తీగలు తేలి ఉన్నాయి. ఆ టైర్లతో వారిని హైవే ఎక్కనివ్వలేదు.

అపోహ: స్టీరింగ్ వణికితే అలైన్‌మెంట్ చేయించాలి.

వాస్తవం: 80 నుంచి 100 కిలోమీటర్ల వేగంలో మాత్రమే వచ్చే వణుకుకు సాధారణంగా కారణం వీల్ బ్యాలెన్సింగ్, అంటే చక్రం చుట్టూ బరువు సమానంగా ఉండటం, తప్పడమే. అది వేరే పని.

అపోహ: బండి ఎడమకు లాగితే అలైన్‌మెంట్ పోయినట్టే.

వాస్తవం: వాననీరు నిలవకుండా రోడ్డును మధ్యలో ఎత్తుగా వేస్తారు కాబట్టి, ఎడమవైపు నడిపే మన దేశంలో బండి కొద్దిగా ఎడమకు ఒరగడం సహజం. అంతకు మించి లాగితే ముందు గాలి చూడాలి, తర్వాత ముందు టైర్లను అటూ ఇటూ మార్చి చూడాలి. లాగుడు కూడా వైపు మారితే లోపం టైరుదే.

అపోహ: కంప్యూటర్ మెషిన్ అన్నీ సరిచేస్తుంది.

వాస్తవం: మెషిన్ కొలుస్తుంది, అంతే. లాక్ నట్ వదులుచేసి, స్టీరింగ్‌ను చక్రానికి కలిపే టై రాడ్ అనే కడ్డీని తిప్పేది మనిషే. చక్రాన్ని బండికి పట్టి ఉంచే బాల్ జాయింటో, లోయర్ ఆర్మ్ బుష్షో అరిగిన బండికి ఎంత జాగ్రత్తగా అలైన్‌మెంట్ చేసినా అది నిలవదు కాబట్టి, మొదట వాటిని ఊపి చూడమని అడగండి. చాలా చిన్న కార్లలో వెనుక చక్రాలకు సర్దుబాటే ఉండదని కూడా తెలుసుకోండి. పనికి ముందు, తర్వాత తీసిన రీడింగులు రెండూ ప్రింటు తీసుకోండి. వాటిలో కోణాలు డిగ్రీలు, నిమిషాలలో ఉంటే 0 డిగ్రీల 10 నిమిషాలంటే డిగ్రీలో ఆరో వంతు, పదో వంతు కాదు.