‘రాయడం జరిగింది’ అని రాయకండి: రాత గురించి అపోహలు, వాస్తవాలు

“మేడమ్, నాకు రాయాలని చాలా ఇష్టం. కానీ పదసంపద లేదు. ఏ నిఘంటువు కొనమంటారు?”

వారానికి ఒకసారైనా ఈ మెసేజ్ వస్తుంది. పంపేవాళ్లు మారతారు, ప్రశ్న మారదు. నేను ఒక తెలుగు దినపత్రిక డెస్క్‌లో ఇరవై రెండేళ్లు కాపీలు, అంటే విలేకరులు రాసి పంపే వార్తలు, దిద్దాను. ఇప్పుడు ఆదివారం సాయంత్రాలు మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పది పన్నెండు మందికి రాత నేర్పుతున్నాను. నేర్పుతున్నాననడం కూడా ఎక్కువే, కూర్చోబెట్టి రాయిస్తాను, అంతే. వచ్చేవాళ్లలో గ్రూప్-1 మెయిన్స్‌కి చదివే పిల్లలున్నారు, బడి టీచర్లున్నారు, సాఫ్ట్‌వేర్ వాళ్లున్నారు, బ్యాంకులో రిటైరైన పెద్దాయన ఒకరున్నారు. అందరిదీ ఒకటే టెన్షన్: మాటలు చాలవేమోనని.

మాటలు చాలక చెడిన కాపీలు ఇన్నేళ్లలో నా చేతికి ఒకటో రెండో వచ్చి ఉంటాయి. మాటలెక్కువై చెడినవి బస్తాలకొద్దీ వచ్చాయి. అందుకే ముందు ఆ సంగతి.

అపోహ: మాట్లాడే తెలుగు వేరు, రాసే తెలుగు వేరు.

క్లాసుకొచ్చే ఒక కుర్రాడున్నాడు. నలభై దగ్గరపడుతున్నాడు, అయినా నాకు కుర్రాడే. వాళ్ల నాన్న సంవత్సరీకానికి చిన్న పుస్తకం వేసి చుట్టాలకు పంచాలనుకున్నాడు. మూడు పేజీలు రాసి తెచ్చాడు. ఇలా మొదలైంది: “మా తండ్రిగారు నిరాడంబరమైన జీవితాన్ని గడపడం జరిగింది. వ్యవసాయం యొక్క ప్రాముఖ్యతను మాకు తెలియజేయడం జరిగింది. గత సంవత్సరం ఆకస్మికంగా పరమపదించడం జరిగింది.”

కాగితం పక్కన పెట్టి, “మీ నాన్న ఎలాంటివాడు బాబూ?” అని అడిగాను.

“నాన్న ఎవరింటికెళ్లినా చెప్పులు గేటు బయటే విడిచేవాడు మేడమ్. పొలం మట్టి వాళ్ల వాకిట్లో పడుతుందని. ఆ రోజు గుండె నొప్పొస్తే కారులో తీసుకెళ్లాం. మళ్లీ ఇంటికొచ్చేసరికి ఆయన చెప్పులు మా గేటు బయటున్నాయి. కారెక్కేముందు విడిచేశాడు. కారు పాడవుతుందని.”

సెల్లార్‌లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు ఆ అబ్బాయి అడిగిన మాట నాకింకా గుర్తుంది: “ఇది రాయొచ్చా మేడమ్?”

చూశారా? చెప్పుల సంగతి తెలియక కాదు, చెప్పడం రాకా కాదు. అది రాతకు తగదని ఎవరో ఎప్పుడో అతని బుర్రలో పెట్టారు. నిఘంటువు కొనిపెడితే ‘పాదరక్షలు’ అనేవాడు.

ఈ ‘-డం జరిగింది’ జబ్బు ఎక్కణ్నుంచి వచ్చిందో కనిపెట్టడం కష్టమేం కాదు. బళ్లో గైడు చూసి జవాబులు రాయించారు. ఆఫీసు నోటీసుల్లో చేసినవాడి పేరు బయటపడకూడదు కాబట్టి “నీటి సరఫరా నిలిపివేయడం జరిగింది” అన్నారు. ఎవరు నిలిపేశారో అడగడానికి వాక్యంలో మనిషే లేడు. ఇంగ్లీషు నుంచి హడావుడిగా అనువదించేవాళ్లు దానికి ‘చేయబడినది’ కూడా చేర్చారు. ఆఫీసు నోటీసుకు ఆ భాష ఉపయోగమేమో, సొంత నాన్న గురించి రాసేటప్పుడు ఎందుకు? ఇంటికి ఫోన్ చేసి “అమ్మా, నేను అన్నం తినడం జరిగింది” అంటే ఆవిడ కంగారుపడి బస్సెక్కి వచ్చేస్తుంది.

‘జరిగింది’ అనే మాటతో నాకు గొడవ లేదు. పెళ్లి జరిగింది, ప్రమాదం జరిగింది, నిక్షేపంగా రాయండి. చేసిన మనిషి ఉన్నప్పుడు అతన్ని దాచడానికి వాడితేనే పేచీ.

ఇదే బ్యాచ్‌లో ఇంకొన్ని ఉన్నాయి. ‘ఈ ఇల్లు మూడు గదులను కలిగి ఉంది’ అంటారు. ‘ఈ ఇంట్లో మూడు గదులున్నాయి’ అంటే సరిపోదూ? ‘యొక్క’ తీసేసి చూడండి, నూటికి తొంభైసార్లు వాక్యానికి ఏమీ కాదు. ‘మరియు’ అసలు అవసరమే లేదు. అమ్మా నాన్నా, అన్నం కూరా, రాత్రీ పగలూ అని చివరి అచ్చు సాగదీస్తే రెండు మాటలూ కలిసిపోతాయి. ఇంత సుళువు మన భాషలోనే ఉండగా పెట్రోలు పోసి మరీ ‘మరియు’ని తోలుకొస్తాం.

గిడుగు రామమూర్తి పంతులు గారు ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే దీనిమీద పోట్లాడారు. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ, చుట్టుపక్కల కొండల్లోని సవరలు మాట్లాడేది విని వాళ్ల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకు పాఠాలు తయారుచేసిన మనిషి. నోట్లో ఉన్న భాషను చెవితో పట్టుకుని రాసినవాడు. తెలుగు పాఠాలూ జనం వాడే భాషలోనే ఉండాలని వాదించడం ఆయనకు సహజమే. ఆయన పుట్టింది 1863 ఆగస్టు 29న. ఆ రోజునే మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం. ఏటా ఎక్కడో ఒక వేదిక మీద ఎవరో ఒకరు “ఈ దినోత్సవాన్ని జరుపుకోవడం జరుగుతున్నది” అంటారు. నేను పక్కవాళ్లకేసి చూస్తాను. ఎవరూ నవ్వరు.

“అయితే మాట్లాడినట్టే రాసేస్తే సరిపోతుందా?” అని పిల్లలు అడుగుతారు. సరిపోదు. నోటిమాటలో పునరుక్తి ఉంటుంది, చేతులు ఊపడం ఉంటుంది, “అదేంటంటే” ఉంటుంది. కాగితం మీద అవి పోవాలి. అందుకే క్లాసులో అందరితో చేయించే పని ఒకటుంది. ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి, ఆ రోజు చూసిన ఒక్క విషయం మూడు నిమిషాలు ఎవరికో చెబుతున్నట్టు చెప్పండి. మర్నాడు అది వింటూ మాట పొల్లుపోకుండా కాగితం మీద పెట్టండి. తర్వాత సగానికి కొట్టేయండి. క్రియలు మాత్రం నోట్లోంచి వచ్చినవే ఉంచండి. వాయిస్ టైపింగ్ వాడినా నాకు అభ్యంతరం లేదు. కాకపోతే చేత్తో రాస్తే, పనికిరాని వాక్యం రాయడానికి చెయ్యే మొరాయిస్తుంది. అది నా అనుభవం, మీకు వేరేగా ఉండొచ్చు.

తర్వాత పైకి చదవండి. గొణగొద్దు, గట్టిగా. తెలుగులో క్రియ చివరకొస్తుంది కాబట్టి మనకొక చిక్కుంది. “నిన్న సాయంత్రం మార్కెట్ యార్డులో జరిగిన తోపులాటలో గాయపడి ఆసుపత్రిలో చేరి చికిత్స పొందుతున్న రైతు...” అని పోతూ ఉంటాం, ఎవరి గురించో తెలిసేసరికి ఊపిరి అయిపోతుంది. డెస్క్‌లో కొత్తవాళ్లకు నేను చెప్పే లెక్క ఒకటే: ఒక వాక్యంలో ‘వచ్చి, చేసి, చూసి’ లాంటివి రెండు దాటితే మూడోదాని దగ్గర తెంపెయ్యి. రైతును ముందుకు తీసుకురా. “రైతు ఆసుపత్రిలో ఉన్నాడు. నిన్న సాయంత్రం మార్కెట్ యార్డులో తోపులాట జరిగింది.” అంతే కదా.

నాకు వాక్యం తెంపడం నేర్పింది మా అమ్మమ్మ. ఆవిడకు రాయడం రాదు. గుంటూరు జిల్లాలో మా ఊళ్లో వేసవి సెలవులకు వెళ్తే, తన తమ్ముడికి ఉత్తరాలు నాచేత రాయించేది. పదిహేను పైసల కార్డు. నేను బళ్లో నేర్చుకున్న ‘ఇచ్చట మేమంతా క్షేమం’తో మొదలుపెట్టి సగం కార్డు నింపేదాన్ని. “అవన్నీ వాడికి తెలుసుగానీ, గేదె ఈనింది, దూడ దక్కలేదు, ముందు అది రాయవే” అనేది. ఇప్పటికీ ఏదైనా రాయడం మొదలుపెట్టి బెసికితే, కార్డంత కాగితం ముక్క తీసుకుంటాను. అందులో పట్టేదేమిటో ముందు తెలుస్తుంది.

ఇక యాస. “మా యాసలో రాస్తే నవ్వుతారు మేడమ్” అని ఇటు పాలమూరు పిల్లలూ అంటారు, అటు శ్రీకాకుళం పిల్లలూ అంటారు. ఇందులో నా పాపం కూడా ఉంది, చెప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో మహబూబ్‌నగర్ వైపు నుంచి ఒక కంట్రిబ్యూటర్ (ఊళ్ల నుంచి వార్తలు పంపే విలేకరి) కాపీ వచ్చింది. “బోరు ఎండింది. బర్లు అమ్మిండు. పట్నం పోయిండు.” మూడు ముక్కల్లో ఒక మనిషి బతుకంతా ఉంది. నేనేం చేశాను? “భూగర్భజలాలు అడుగంటడంతో పశువులను విక్రయించి పట్టణానికి వలస వెళ్లడం జరిగింది” అని దిద్ది, తెలివైన పని చేశానని మురిసిపోయాను. మా డెస్క్ ఇన్‌చార్జి చూసి, “పశువులంటే ఏంటి? బర్రెలా, ఎడ్లా, మేకలా? ఆయనకు తెలిసింది నువ్వు చెరిపేశావు” అన్నారు. అప్పటికే పేజీ అచ్చుకు వెళ్లిపోయింది. ఆ కంట్రిబ్యూటర్ ఎప్పుడూ ఏమీ అనలేదు, కానీ తర్వాత ఆయన కాపీలన్నీ ‘జరిగింది’తోనే వచ్చేవి. నన్ను చూసి నేర్చుకున్నాడు.

పరీక్ష పేపర్లో, దరఖాస్తులో అందరికీ తెలిసే మాట వాడండి, అది అవసరం. మీ ఊరి కథ రాస్తున్నప్పుడు మీ ఊరి మాటే సరైన మాట. బస్సులో, రైతుబజారులో చెవిన పడ్డ వాక్యాన్ని రోజుకొకటి ఫోన్‌లో రాసిపెట్టుకోండి. అన్నది అన్నట్టుగా. మొన్న కూరగాయల దగ్గర ఒకావిడ బీరకాయ విరిచి చూసి, “ఇది నాకంటే ముసలిది” అంది. నిఘంటువు తిరగేస్తే దొరికే మాటేనా ఇది?

మిగతావి గబగబా చెప్పేస్తాను.

‘21 రోజులు రాస్తే అలవాటైపోతుంది’ అని వాట్సాప్‌లో తిరిగే ముక్క. ఎవరు పుట్టించినా దాన్ని నమ్మి, ఇరవై రెండో రోజు కూడా బద్ధకం వేస్తోందని ఏడ్చినవాళ్లను చూశాను. లండన్‌లో యూనివర్సిటీ కాలేజీ వాళ్లు దీన్ని పరీక్షించారు, 2010లో అచ్చయింది. ఒక పని ఆలోచించకుండా చేసేటంత అలవాటు కావడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18, కొందరికి 254 రోజుల దాకా తేలింది. మధ్యలో ఒకరోజు తప్పినా పెద్ద నష్టం లేదని కూడా అందులోనే ఉంది. కాబట్టి నిన్న రాయలేదని ఈరోజు మానేయకండి.

‘బాగా చదివితే రాత అదే వస్తుంది.’ చదవాలి, సందేహం లేదు. కానీ ముప్పై ఏళ్లు పప్పుచారు తాగినంత మాత్రాన పోపులో ఆవాలు ఎప్పుడు చిటపటమంటాయో తెలియదు, పొయ్యి దగ్గర నిలబడాలి. నచ్చిన పేరా ఒకటి మూసిపెట్టి, గుర్తున్నది మీ మాటల్లో రాసి, మళ్లీ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా అక్కడ కనబడుతుంది.

‘నాకు స్పెల్లింగ్ రాదు, ఇక రాతేం వస్తుంది.’ అయ్యో, దీనికి బాధపడకండి. బాధ అనే మాటనే చాలామంది ఒత్తు ముందుకు జరిపి ‘భాద’ అని రాస్తారు. ప్రాథమిక, విద్యార్థి, శత్రువు, ఇవి అచ్చులోనే తప్పుగా కనిపిస్తాయి. అర్థం అంటే భావం, అర్ధం అంటే సగం. మనిషి మనిషికీ తప్పులు ఓ పదో పదిహేనో ఉంటాయి, అవే మళ్లీ మళ్లీ చేస్తాడు. మీ పది రాసి ఫ్రిజ్ మీద అంటించండి.

మూడ్ వస్తేనే రాయాలి: రాత్రి పదకొండుకు పేజీ వెళ్లిపోయే చోట పనిచేసినదాన్ని, ఈ మాట నన్నడక్కండి.

చాట్‌బాట్‌తో రాయించుకోవచ్చు కదా అంటారు ఈమధ్య. సెలవుచీటీ రాయించుకోండి. ఎవరో అలా రాయించిన తెలుగు వ్యాసం తెచ్చి చూపిస్తే ‘జరిగింది’లు లెక్కపెట్టాను, మొదటి పేరాలోనే నాలుగున్నాయి. ఆ చెప్పులు గేటు బయటున్నాయని దానికెవరు చెబుతారు?

టైమ్ లేదు అనేదాన్ని మాత్రం అపోహ అనలేను. నిజంగానే లేనివాళ్లున్నారు. క్లాసులో ఒక టీచరమ్మ ఉంది, ఇద్దరు పిల్లలు, మంచాన పడ్డ అత్తగారు, రానూపోనూ రెండు గంటల బస్సు. కుక్కర్ పెట్టి మూడు కూతలొచ్చేలోపు పాల లెక్క రాసే క్యాలెండర్ వెనక రాస్తుంది. జనవరి కాగితం వెనక మొదలుపెట్టింది. పోయిన ఆదివారం జూన్ తెచ్చింది. చాలా వాక్యాలు సగంలో ఆగిపోయి ఉంటాయి. ఒకచోట “మా అత్తయ్య ఈరోజు నన్ను వాళ్లమ్మ అనుకుని” అని ఉంది. తర్వాత ఖాళీ. కింద వేరే పెన్నుతో, బహుశా రాత్రి, “జడ వేయమంది. వేశాను.”