కుండీ అడుగున గులకరాళ్ళు దండగ

విజయనగరం నుంచి ఒక పాఠకురాలి ప్రశ్న. డాబా మీద పన్నెండంగుళాల కుండీల్లో వంగ, టమాటా వేశారు. నీరు బాగా దిగాలని ప్రతి కుండీ అడుగున రెండంగుళాల మందాన గులకరాళ్ళు పరిచారు. నాలుగు రోజుల ముసురు వెలిసి ఎండ కాసిన రోజునే మొక్కలు తలలు వాల్చేశాయి. వేలు పెట్టి చూస్తే మట్టి తడిగానే ఉంది. తడిలో ఉన్న మొక్క ఎలా వడలుతుంది? ఇరుగుపొరుగు నరదిష్టి అంటున్నారట.

దిష్టి గుమ్మడికాయ కట్టే ముందు ఆ గులకరాళ్ళు తీసెయ్యాలి. ఎందుకో తెలియాలంటే ఒక తువ్వాలు చాలు.

తువ్వాలును బాగా తడిపి, పిండకుండా, అడ్డంగా ఆరేయండి. ముందు ధారగా, తర్వాత చుక్కలుగా కారి, కాసేపటికి ఆగిపోతుంది. ఇప్పుడు పట్టుకుని చూడండి. పై భాగం చెమ్మగా ఉంటుంది, కింది అంచున నాలుగు వేళ్ళ మేర మాత్రం నీళ్ళు నిండుగా ఉంటాయి. చుక్క రాలదు, నీరు పోదు. అదే తువ్వాలును విప్పి నిలువుగా వేలాడదీయండి. మళ్ళీ కారడం మొదలెడుతుంది! కొత్త నీరేమీ పొయ్యలేదు. నాలుగు వేళ్ళ తడి పట్టీ ఎత్తు అంతే ఉంది, వెడల్పు తగ్గింది. తగ్గిన మేరకు నీరు బయటికొచ్చింది. ఒక మూల పట్టుకుని వేలాడదీస్తే ఎదుటి మూలన చిన్న త్రికోణంలోనే పట్టీ మిగులుతుంది, ఇంకా కారుతుంది.

కుండీలో మట్టీ ఇంతే. అడుగున చిల్లులు ఎన్ని ఉన్నా, చిల్లుల పైన కొంత ఎత్తు దాకా మట్టి నీళ్ళు నిండి ఉంటుంది. ఆ ఎత్తు మట్టి రేణువుల సన్నదనాన్ని బట్టి ఉంటుంది గాని కుండీ ఎత్తును బట్టి కాదు. మరి గులకరాళ్ళు వేస్తే ఏమవుతుంది? తువ్వాలు కింది అంచుకి జానెడు చేపల వల కుట్టి ఆరేశారనుకోండి. అంచులోని నీరు వల కళ్ళలోకి దిగిపోతుందా? దిగదు. గుడ్డ దారాల మధ్య సన్నని సందులు నీటిని పట్టి ఉంచుతాయి, వల కళ్ళు అంత వెడల్పువి, వాటికి ఆ పట్టు లేదు. అంచు ఓడే దాకా నిండితే తప్ప ఒక్క చుక్కా కిందికి రాదు. తడి పట్టీ వల అడుక్కి చేరదు, వలకి పైన, గుడ్డలోనే ఉంటుంది. గులకరాళ్ళూ అంతే. బురద పట్టీని రెండంగుళాలు పైకి, వేళ్ళ దగ్గరికి జరిపి పెడతాయి. పన్నెండంగుళాల కుండీని పదంగుళాలది చేసినట్టు.

దీన్ని లెక్క కట్టడం కష్టమేమీ కాదు. 18వ శతాబ్దంలో జేమ్స్ జురిన్ అనే ఇంగ్లీషు వైద్యుడి పేర స్థిరపడిన సూత్రం ఇది. సన్నని గొట్టం వ్యాసం మిల్లీమీటర్లలో ఎంతో, 30ని దాంతో భాగించండి. నీరు ఎన్ని మిల్లీమీటర్ల ఎత్తు నిలబడుతుందో వస్తుంది. ఒక మిల్లీమీటరు సందులో 3 సెంటీమీటర్లు. పదో వంతు మిల్లీమీటరు సందులో 30 సెంటీమీటర్లు, అంటే అడుగు! గులకరాళ్ళ మధ్య 5 మిల్లీమీటర్ల సందులో 6 మిల్లీమీటర్లే. కేశనాళికీయత అని క్లాసులో ఇదే సూత్రం రాయిస్తారు, గాజు గొట్టం బొమ్మ వేయిస్తారు, మార్కులు వేస్తారు. కుండీ ఊసు ఉండదు.

పొలంలో హాయిగా పండిన ఎర్రమట్టి డాబా మీద మొండికేయడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. పొలంలో మట్టి కుండీలోలా పన్నెండంగుళాల లోతున ఆగిపోదు. తువ్వాలు పది గజాల పొడవుంది, తడి అంచు ఎక్కడో లోతున ఉంది. అదే మట్టిని తట్టతో ఎత్తి పన్నెండంగుళాల కుండీలో పోస్తే తువ్వాలును జానెడు ముక్కగా కత్తిరించినట్టే. మొత్తం అంచే.

గోల్ఫ్ ఆడే పచ్చిక కట్టేవాళ్ళకి ఈ సంగతి బాగా తెలుసు. అమెరికా గోల్ఫ్ సంఘం 1960లో ప్రకటించిన పద్ధతిలో అడుగు మందం ఇసుక మిశ్రమం కింద నాలుగంగుళాల కంకర పొర ఉంటుంది. వాన దంచినప్పుడు ఎక్కువైన నీరు కంకరలోంచి పోతుంది. వాన ఆగాక గడ్డి వేళ్ళకి కావలసిన తడి ఇసుకలోనే నిలుస్తుంది. ఆ నిలవ ఉంచే పని చేసేది కూడా కంకర పొరే. మనం పోగొట్టడానికి వేసేదాన్ని వాళ్ళు దాచడానికి వేస్తున్నారు.

ఇక మొక్క సంగతి. లీటరు గాలిలో సుమారు 270 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటే, 30 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో ఏడున్నర మిల్లీగ్రాములే కరుగుతుంది. పైగా నీటిలో ఆక్సిజన్ పాకే వేగం గాలిలో కంటే పదివేల రెట్లు తక్కువ. వాన వెలిసి ఎండ కాస్తే కుండీ వేడెక్కుతుంది. వేడికి వేరు ఊపిరి పెరుగుతుంది, నీటిలో కరిగిన ఆక్సిజన్ ఇంకా తగ్గుతుంది. ఊపిరాడని వేరు కణాల్లో ఆమ్లత్వం పెరిగి, నీటిని లోపలికి తీసుకునే ద్వారాలు మూసుకుంటాయి. చుట్టూ నీళ్ళున్నా మొక్కకి దాహం! టమాటాలో ఇంకో చిత్రం. వేళ్ళలో ఏసీసీ అనే పదార్థం పోగవుతుంది, ఆకు కాడల్ని వంచే ఇథిలీన్ వాయువుకి ముడిసరుకు ఇదే. అది ఇథిలీన్‌గా మారాలంటే ఆక్సిజన్ కావాలి, కింద అది లేదు. అందుకని రసంతో పాటు ఆకుల దాకా ఎక్కి, అక్కడ ఇథిలీన్ అవుతుంది. ఆకు కాడ పైవైపు ఎక్కువ సాగి, కాడ కిందికి వంగుతుంది. అలాంటి ఆకును పట్టుకుంటే మెత్తగా ఉండదు, గట్టిగానే ఉంటుంది. దాన్ని వాడుబాటనుకుని ఇంకో చెంబు నీళ్ళు పోస్తే మొక్క పని అయిపోయినట్టే.

ఒక్క మినహాయింపు. వంగ, టమాటా పచ్చగా ఉండగానే రెండు రోజుల్లో వడలి చచ్చిపోతే బ్యాక్టీరియా ఎండు తెగులు కావచ్చు. మొదలు దగ్గర కాండం కోసి, గాజు గ్లాసులో మంచినీళ్ళు పోసి, కోసిన కొన నీటిని తాకేలా కదలకుండా పట్టుకోండి. కొన్ని నిమిషాల్లో పాలదారంలా తెల్లగా దిగితే అదే. దానికి మందు లేదు. మొక్కతో పాటు మట్టీ పారెయ్యాలి. ఆ మట్టిలో వంగ, టమాటా, మిరప మళ్ళీ వెయ్యకూడదు.

ఇప్పుడు మిశ్రమం. ఎర్రమట్టి ఒక వంతు, కొబ్బరి పొట్టు రెండు వంతులు, బాగా మాగిన గెత్తం (పశువుల ఎరువు) ఒక వంతు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు కొబ్బరి పీచు తీసేచోట పొట్టు దొరుకుతుంది. అందులో ఉప్పు ఉంటుంది, మూడు సార్లు కడగాలి. తర్వాత పది లీటర్ల నీటిలో 50 గ్రాముల కాల్షియం నైట్రేట్ కరిగించి, పొట్టును రాత్రంతా నానబెట్టి, మళ్ళీ ఒకసారి కడగాలి. పొట్టు పట్టుకున్న సోడియంను కాల్షియం తోసేస్తుంది. ఇసుక కలపాలనుకుంటే నాగావళి, వంశధార ఇసుకను జల్లించి 1 నుంచి 3 మిల్లీమీటర్ల గరుకు మాత్రమే తీసుకోండి. సన్న ఇసుక సందుల్లో బంకమట్టి కూరుకుని పరిస్థితిని ఇంకా పాడుచేస్తుంది.

మిశ్రమం బాగుందో లేదో చూపుతో తేలదు, కొలవాలి. అడుగున చిల్లులున్న పది లీటర్ల బకెట్ తీసుకుని చిల్లులకి టేపు వెయ్యండి. మిశ్రమం అంచు దాకా నింపి, పైన నీరు మెరిసే దాకా నెమ్మదిగా పోసి, రాత్రంతా ఉంచి, తగ్గితే మళ్ళీ మెరుపు దాకా పోయండి. పొద్దున్న తొట్టిలో పెట్టి టేపు తీసి, గంట సేపు కారిన నీరు కొలవండి. ఒకటిన్నర నుంచి రెండు లీటర్లు వస్తే వేళ్ళకి గాలి ఉన్నట్టు. లీటరు లోపు వస్తే రెండు మూడు మిల్లీమీటర్ల ఇటుక ముక్కలు కలిపి మళ్ళీ కొలవండి. వేరుశనగ తొక్కలు కూడా పనికొస్తాయి గాని ఒక పంట తిరిగేసరికి కుళ్ళిపోతాయి, కుళ్ళేటప్పుడు మొక్క నత్రజని లాక్కుంటాయి. గెత్తం కూడా కుళ్ళి సన్నబడుతుంది, అందుకని ఏడాదికోసారి ఈ కొలత తప్పదు.

కుండీ మార్చలేనివాళ్ళకి తువ్వాలు మూల ఉపాయం ఉంది. వేలు లావు నైలాన్ తాడు ఒక కొన మట్టిలో నాలుగంగుళాలు పెట్టి, రెండో కొన చిల్లులోంచి ఆరంగుళాలు కిందికి వేలాడదీయండి. కుండీని ఇటుకల మీద ఎత్తి పెట్టాలి. అంచు పొడుగైనట్టే, తాడు కొన నుంచి చుక్కలు పడతాయి. నూలు తాడు వద్దు, నెలలో కుళ్ళిపోతుంది.

బరువు మాట కూడా చెప్పాలి. మనుషులు తిరిగే డాబాకి, భవనాల బరువుల మీద భారత ప్రమాణమైన ఐఎస్ 875 చదరపు మీటరుకు సుమారు 150 కిలోల లెక్క వేస్తుంది. 20 లీటర్ల సంచిలో తడి ఎర్రమట్టి 36 కిలోలు తూగితే, పై మిశ్రమం పాతిక కిలోల లోపు. గోడల మీద, దూలాల మీద వరసగా పెట్టండి, శ్లాబు నడిమిన గుట్టగా పెట్టకండి. ఆనపకాయ, బీర పందిరి ఉంటే స్తంభాలు కూడా గోడల దగ్గరే రావాలి. 2018 అక్టోబరులో శ్రీకాకుళాన్ని కొట్టిన తిత్లీ లాంటి తుపాను వచ్చేముందు పిట్టగోడ మీది కుండీలు కిందికి దించి, వాన గొట్టం మూతి దగ్గర ఆకులూ కొబ్బరి పొట్టూ ఏరేయాలి. మూతి పూడి పది సెంటీమీటర్ల నీరు నిలిస్తే చదరపు మీటరుకు వంద కిలోలు అదనం.

ఏప్రిల్ వచ్చాక లెక్క తిరగబడుతుంది. అప్పుడు మనకీ గోల్ఫ్ వాళ్ళ బుద్ధే కావాలి. తోటకూర, బచ్చలి తొట్లకి అడుగున చిల్లులు మూసేసి, పక్కన అడుగు నుంచి రెండంగుళాల ఎత్తున ఒక చిల్లు పెట్టండి. పొద్దున్న నీరు పోస్తే ఆ చిల్లు దాకా నిలిచి, సాయంత్రం దాకా మట్టి సందుల గుండా పైకెక్కుతుంది. తొలకరి పడగానే అడుగు చిల్లులు మళ్ళీ తెరవాలి.