ఫుట్‌బాల్ ఆటగాడు యూనియన్ నాయకుడైతే: అపోహలు - వాస్తవాలు

పదకొండేళ్లు ఫుట్‌బాల్ ఆడాను. మోకాలు ఇక సహకరించనన్నాక ఆటగాళ్ల కాంట్రాక్టులు చదవడం, జీతం ఆగినప్పుడు వాళ్ల తరఫున క్లబ్బులకు ఉత్తరాలు రాయడం నా పని అయింది. ఈ పనిలో రోజూ వినే మాటలు కొన్ని ఉన్నాయి. అవి తప్పని చెప్పాల్సి వచ్చిన ప్రతిసారీ నాకు గుర్తొచ్చేది ఇంగ్లండ్‌కు చెందిన జిమ్మీ హిల్ జీవితమే.

అపోహ: ఆటలో రాణించలేనివాళ్లే యూనియన్‌లో చేరి నాయకులవుతారు.

హిల్ 1928లో లండన్‌లోని బాలమ్‌లో పుట్టాడు. తండ్రి ఇంటింటికీ పాలు, బ్రెడ్డు వేసేవాడు. బ్రెంట్‌ఫర్డ్‌కు ఆడి, 1952లో ఫుల్‌హామ్ క్లబ్బుకు వెళ్లాడు. 1957లో ఆటగాళ్ల సంఘానికి ఛైర్మన్ అయ్యేనాటికి అతను ఇంకా మైదానంలోనే ఉన్నాడు. మరుసటి ఏడాది డాంకాస్టర్ మీద ఒకే మ్యాచ్‌లో 5 గోల్స్ కొట్టాడు. పగలు ప్రాక్టీసు, సాయంత్రం సంఘం పని.

జట్టులో పెద్ద స్టార్ మాత్రం అతను కాదు, ఇంగ్లండ్ కెప్టెన్ జానీ హేన్స్. నాకు ఇదే ముఖ్యమనిపిస్తుంది. స్టార్ పక్కనే కూర్చుని బూట్లు విప్పుకునేవాడికి స్టార్ కష్టమూ తెలుసు, రిజర్వు ఆటగాడి కష్టమూ తెలుసు. ఇద్దరూ నమ్మేది అలాంటివాణ్నే.

అపోహ: అంత సంపాదించేవాళ్లకు యూనియన్ ఎందుకు?

ఎక్కువగా వినేది ఇదే. నన్ను ఎక్కువ బాధపెట్టేదీ ఇదే.

ఇంగ్లండ్‌లో 1901 నుంచి ఆటగాడి జీతానికి గరిష్ఠ పరిమితి ఉండేది. అప్పట్లో వారానికి 4 పౌండ్లు. పెరిగి పెరిగి 1958కి 20 పౌండ్లయింది. ఆట లేని వేసవి నెలల్లో అది 17కు దిగేది. టికెట్లు కొని ముప్పై వేల మంది వచ్చినా, నలభై వేల మంది వచ్చినా ఆటగాడికి ఇంతకు మించి ఇవ్వకూడదన్నది రూలు. దేశం మొత్తానికీ పేరు తెలిసిన స్టాన్లీ మాథ్యూస్‌కూ అదే పరిమితి.

హిల్ ఊరూరా మీటింగులు పెట్టించాడు. మాంచెస్టర్ మీటింగులో ఒక కుర్ర ఆటగాడు లేచి, మా నాన్న గనిలో పనిచేస్తాడు, ఆయన కంటే నాకే ఎక్కువ వస్తోంది, నాకిది చాలు అన్నాడట. అందులో అబద్ధమేమీ లేదు. జవాబు చెప్పడానికి బోల్టన్ డిఫెండర్ టామీ బ్యాంక్స్ లేచాడు. అతనూ ఒకప్పుడు గనిలో దిగి పనిచేసినవాడే. గని పని ఎంత కష్టమో నాకు తెలుసు, కానీ ముప్పై వేల మంది చూస్తుండగా మాథ్యూస్‌ని ఆపడం మీ నాన్న పని కాదు కదా అన్న అర్థంలో మాట్లాడి కూర్చున్నాడు. ఆ మాటతో హాలంతా ఒక్కటైందని అక్కడున్నవాళ్లు చెప్పేవారు.

ఆ కుర్రాడి మాట నాకు మన దగ్గరా వినిపిస్తుంది. "ఆడుకోవడానికి డబ్బులిస్తున్నారు, ఇంకేం కావాలిరా?" అని ఇంట్లోవాళ్లే అంటారు. ఆట సాగేది పది పన్నెండేళ్లు. మధ్యలో ఒక్క లిగమెంట్ తెగితే అదీ ఉండదు. హిల్ ఆట కూడా మోకాలి దెబ్బతోనే 1961లో ఆగిపోయింది.

అపోహ: నాయకుడి పని సమ్మె చేయించడం.

1961 జనవరి 21న సమ్మె అని ఆటగాళ్లు తేదీ ప్రకటించారు. ఆ సమ్మె జరగలేదు. మూడు రోజుల ముందే ఒప్పందం కుదిరింది, 20 పౌండ్ల పరిమితి పోయింది. కొన్నాళ్లకే ఫుల్‌హామ్ హేన్స్‌కు వారానికి 100 పౌండ్లు ఇచ్చింది.

సమ్మె జరక్కుండానే గెలవాలంటే సమ్మెకు నిజంగా సిద్ధంగా ఉండాలి. దాని కోసం నాలుగేళ్లు పట్టింది. ప్రతి క్లబ్బులో ఒక్కొక్కరితో మాట్లాడాలి, పత్రికలవాళ్లకు ఓపిగ్గా లెక్కలు చెప్పాలి. హిల్ టీవీ కెమెరా ముందు తడబడకుండా మాట్లాడగలడు, అది బాగా పనికొచ్చింది. తెర వెనక మాత్రం సెక్రటరీ క్లిఫ్ లాయిడ్ ఉన్నాడు. ఆయనా మాజీ ఆటగాడే. రూల్సు క్లాజులతో సహా కంఠస్థం. హిల్‌కు వచ్చిన పేరు లాయిడ్‌కు రాలేదు. నా పనిలో మాత్రం నేను ఆదర్శంగా తీసుకున్నది లాయిడ్‌నే.

అపోహ: జీతం పెరిగితే సమస్య తీరిపోయినట్టే.

అసలు సంకెల జీతం కాదు, రిజిస్ట్రేషన్, అంటే ఆటగాడు ఏ క్లబ్బుకు ఆడాలో లీగ్‌లో ఉండే నమోదు. కాంట్రాక్టు గడువు అయిపోయినా ఆటగాడి రిజిస్ట్రేషన్‌ను క్లబ్బు తన దగ్గరే ఉంచుకోవచ్చు. దాన్ని రిటెయిన్ పద్ధతి అనేవారు. ఆ క్లబ్బు వదలకపోతే లీగ్‌లో ఇంకెక్కడా ఆడటానికి లేదు. కొత్త కాంట్రాక్టు మీద సంతకం పెట్టనంటే జీతమూ లేదు. 1961 ఒప్పందంలో దీన్ని సడలిస్తామన్న క్లబ్బులు ఆ తర్వాత వెనక్కి తగ్గాయి.

న్యూకాజిల్ ఆటగాడు జార్జ్ ఈస్టమ్ 1960లో ఇలాగే సంతకం పెట్టనన్నాడు. ఆట మానేసి, ఇంగ్లండ్ దక్షిణ ప్రాంతానికి వెళ్లి కార్క్ అమ్మే ఉద్యోగం చేశాడు. నెలల తర్వాత క్లబ్బు అతన్ని 47,500 పౌండ్లకు ఆర్సెనల్‌కు వదిలింది. అతని సమస్య అక్కడితో తీరిపోయింది. అయినా సంఘం అండతో న్యూకాజిల్ మీద కోర్టులో వేసిన కేసు కొనసాగించాడు. 1963లో జడ్జి విల్బర్‌ఫోర్స్ ఈ పద్ధతి మనిషి వృత్తికి అన్యాయంగా అడ్డుపడుతోందని తీర్పు ఇచ్చాడు. తన పని అయిపోయాక కూడా తర్వాత వచ్చేవాళ్ల కోసం కోర్టు మెట్లెక్కినవాడి గురించి చెబుతుంటే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

గడువు తీరిన ఆటగాడికి ట్రాన్స్‌ఫర్ ఫీజు అడగకూడదని యూరప్ న్యాయస్థానం బెల్జియం ఆటగాడు బోస్మన్ కేసులో చెప్పింది 1995లో. ఈస్టమ్ తీర్పు తర్వాత 32 ఏళ్లకు!

అపోహ: పరిమితి తీసేస్తే చిన్న క్లబ్బులు మూతపడతాయి.

ఇందులో కొంత నిజం ఉంది, దాచను. పెద్ద క్లబ్బులకూ చిన్న క్లబ్బులకూ మధ్య దూరం పెరిగింది. కానీ ఆట కుప్పకూలుతుందన్న భయం నిజం కాలేదు. 1966లో ఇంగ్లండ్ ప్రపంచ కప్ గెలిచింది, ఆ జట్టు సభ్యుల్లో ఈస్టమ్ ఉన్నాడు.

అపోహ: ఇదంతా ఒక్క మనిషి సాధించింది.

సంఘం హిల్‌తో పుట్టలేదు. పన్నెండేళ్లకే గనిలో పనికి దిగిన వేల్స్ ఆటగాడు బిల్లీ మెరెడిత్ తదితరులు 1907 డిసెంబరులో మాంచెస్టర్‌లోని ఇంపీరియల్ హోటల్‌లో దాన్ని మొదలుపెట్టారు. 1909లో యూనియన్ వదిలితేనే ఆట అని ఫుట్‌బాల్ అసోసియేషన్ పెద్దలు హుకుం జారీ చేస్తే, మాంచెస్టర్ యునైటెడ్ ఆటగాళ్లు వదిలేది లేదన్నారు. సస్పెండైనా 'అవుట్‌కాస్ట్స్' అని తమకు తామే పేరు పెట్టుకుని ప్రాక్టీసు చేసుకున్నారు. సీజన్ మొదలయ్యే ముందు పెద్దలే దిగివచ్చారు.

అపోహ: మన దగ్గర ఇలాంటివి అవసరం లేదు.

1950 నుంచి వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచిన జట్టు హైదరాబాద్ సిటీ పోలీస్. ఆట ఆపేసినా ఆ ఆటగాళ్లకు పోలీసు ఉద్యోగం ఉండేది. రైల్వే, బ్యాంకు జట్లలోనూ అంతే. అందుకే యూనియన్ అనే మాట మన మైదానాల్లో చాలాకాలం వినపడలేదు. ఇప్పుడు కుర్రాళ్లు ఉద్యోగం లేకుండా, ఒకటి రెండేళ్ల కాంట్రాక్టు మీదే ఆడుతున్నారు. బైచుంగ్ భూటియా ఇంకా ఆడుతుండగానే 2006లో భారత ఆటగాళ్ల సంఘానికి అధ్యక్షుడయ్యాడు.

నేను ఆడే రోజుల్లో ఒక క్లబ్బు మూడు నెలలు జీతం ఇవ్వలేదు. అడిగితే బెంచీ మీద కూర్చోబెడతారని టెన్షన్, అందరం నోరు మూసుకున్నాం. నా దగ్గర కాంట్రాక్టు కాపీ కూడా లేదు.

అందుకే నా దగ్గరికి వచ్చే ప్రతి ఆటగాడికీ మొదట చెప్పేవి ఇవే. సంతకం పెట్టిన రోజే కాపీ తీసుకో. గాయమైతే ఆపరేషన్ ఖర్చు ఎవరిదో అందులో రాసి ఉందా చూడు. ఫిఫా నిబంధనల ప్రకారం రెండు నెలల జీతం ఆగితే, కనీసం 15 రోజుల గడువిస్తూ క్లబ్బుకు రాతపూర్వకంగా నోటీసివ్వాలి. అప్పటికీ బాకీ మొత్తం చెల్లించకపోతే కాంట్రాక్టు రద్దు చేసుకునే హక్కు నీకుంది. ఆ నోటీసు పంపే ముందు నీ జట్టులో జీతం ఆగినవాళ్లు ఇంకా ఎవరెవరో కనుక్కో. వాళ్లనూ వెంటబెట్టుకుని రా.