బొద్దింకది ఏ ఊరు?

పోయిన నెల పెరంబూరులో మా తమ్ముడి ఇంటికి, వంటింట్లో బొద్దింకలకు మందు పెట్టడానికి ఒకతను వచ్చాడు. పని ముగించి ఇచ్చిన చీటీలో పురుగు పేరు దగ్గర ‘జర్మన్ కాక్రోచ్’ అని రాసి ఉంది. తమ్ముడి కూతురు ఏడో తరగతి. చెన్నైలో పుట్టి పెరిగిన పిల్ల కనుక బొద్దింక అనే మాటకన్నా ముందు కరప్పాన్ పూచ్చి అనడం నేర్చుకుంది. ఆ చీటీ చదివి, “అత్తా, జర్మనీ నుంచి మన వంటింటి దాకా ఇది ఎలా వచ్చింది?” అని అడిగింది.

నేను జంతుశాస్త్రం పాఠాలు చెప్పినదాన్ని. పాఠంలోని బొద్దింక శాస్త్రీయ నామం పెరిప్లానెటా అమెరికానా అని నల్లబల్లమీద కొన్ని వందలసార్లు రాసి ఉంటాను. ఇందులో అమెరికా ఎందుకుందని ఒక్క విద్యార్థీ అడగలేదు. అడగాలనిపించేలా నేనూ చెప్పలేదు. మాల్పీజియన్ నాళికలు బట్టీ పట్టించి, ముఖభాగాల బొమ్మకు మార్కులు వేస్తే మా పని అయిపోయేది.

పిల్లకు జవాబు తిరగేసి చెప్పాల్సి వచ్చింది. అది జర్మనీ నుంచి మన దగ్గరికి రాలేదు, మన వైపు నుంచే జర్మనీకి వెళ్లింది. 2024లో వెలువడిన ఒక జన్యు పరిశోధనలో 17 దేశాల నుంచి తెచ్చిన 281 బొద్దింకల డీఎన్‌ఏను పోల్చి చూశారు. వంటింట్లో తిరిగే ఈ చిన్న గోధుమరంగు జాతి, బ్లాటెల్లా జర్మానికా, సుమారు 2,100 ఏళ్ల క్రితం భారతదేశంలోనో మయన్మార్‌లోనో ఆసియా బొద్దింక నుంచి చీలిందని తేలింది. ఆ మూలజాతి ఇప్పటికీ ఆరుబయటే ఉంటుంది, చక్కగా ఎగురుతుంది, దీపం చూస్తే వచ్చి వాలుతుంది. మనిషి ఇంట్లో చేరిన శాఖ మాత్రం ఎగరడం మానేసి చీకటి మరిగింది. సుమారు 1,200 ఏళ్ల క్రితం అది పశ్చిమాసియా దారి పట్టింది. దాదాపు 390 ఏళ్ల క్రితం, ఐరోపా వర్తకుల కాలంలో, తూర్పు దేశాలకు వెళ్లింది. ఐరోపా చేరి 270 ఏళ్లే అయింది. దామెర్ల వెంకటాద్రి నాయకుడు ఈ తీరంలోని ఇసుకనేలను ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చిన 1639 కూడా, ఇంచుమించు అది తూర్పు దేశాలకు వెళ్లిన కాలమే. కంపెనీ గుమస్తాలు నూలుబట్టల మూటలకు లెక్క రాశారు గానీ మూటల్లో ఎక్కిన ప్రయాణికులకు రాయలేదు.

మరి జర్మనీ పేరు? జీవులకు రెండు మాటల శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతిని స్థిరపరిచిన లినేయస్ 1767లో పెట్టాడు. ఆయనది స్వీడన్. రష్యన్లు ఈ పురుగును ప్రుసాక్ అంటారు, అంటే పాత జర్మన్ రాజ్యమైన ప్రష్యావాడు. జర్మనీలో కొన్నిచోట్ల ఇదే పురుగు ‘రష్యావాడు’. మా నల్లబల్లమీది ‘అమెరికానా’ పుట్టిల్లు ఆఫ్రికా. బొద్దింక ఎప్పుడూ పక్కింటివాడిదే! చెన్నై తెలుగువాళ్లకు ఇది అర్థం కావడం కష్టమేమీ కాదు. ఇక్కడ మనల్ని గొల్టి అంటారు, తెలుగును తిరగేస్తే వచ్చిన మాట అని చెబుతారు. మన ఇళ్లలో తలుపులు వేసుకుని మనం వాళ్లను అరవవాళ్లంటాం.

మన నమ్మకాలు కూడా దీన్ని దగ్గరికి రానివ్వలేదు. పంచాంగంలో బల్లిపాటుకు ఫలితాలుంటాయి, తలమీద పడితే ఒకటి, భుజంమీద పడితే ఒకటి. దోషం పోవడానికి కంచి వరదరాజస్వామి గుడిలో బంగారు బల్లిని తాకి వస్తాం. బొద్దింక మీద పడితే చీపురు తప్ప ఫలితం లేదు. సుమతీ శతకంలో పాముకూ తేలుకూ దుష్టుడితో పోల్చదగినంత గౌరవమైనా దక్కింది.

సాహిత్యంలో దీనికి పెద్దపీట వేసినవాడు జర్మన్ భాషలో రాసిన కాఫ్కా అని అందరూ అంటారు. నిజానికి 1915లో అచ్చయిన ‘రూపాంతరం’ కథలో బొద్దింక అనే మాటే లేదు. కథానాయకుడు గ్రెగర్ సాంసా ‘ఉన్‌గెత్సీఫర్’గా మారి నిద్రలేస్తాడు. అది పీడపురుగులన్నిటినీ కలిపి చెప్పే మాట. పాత జర్మన్‌లో దాని వేరు వెతికితే, బలికి పనికిరాని మైల జంతువు అనే అర్థం దొరుకుతుంది. ముఖచిత్రంమీద పురుగు బొమ్మ మాత్రం వేయవద్దని కాఫ్కా ప్రచురణకర్తకు ఉత్తరం రాశాడు. కథలోని పనిమనిషి అతన్ని పేడపురుగు అని పిలుస్తుంది. బొద్దింకను చేసింది పాఠకులే.

ఆ పాఠకులతో పేచీ లేదు, ఎందుకంటే గ్రెగర్ కష్టం అచ్చంగా బొద్దింక కష్టమే. అది తెలియాలంటే బ్రస్సెల్స్ శాస్త్రవేత్తల ప్రయోగం ఒకటి చెప్పాలి. 2007లో వాళ్లు అగ్గిపెట్టెలాంటి చిన్న చక్రాల డబ్బాలను తయారుచేశారు. వాటికి కాళ్లు లేవు, మీసాలు లేవు, ఏ కోణం నుంచి చూసినా బొద్దింక పోలిక లేదు. బొద్దింక ఒంటిమీద మైనంలాంటి హైడ్రోకార్బన్ల పూత ఉంటుంది. ఆ రసాయనాల్లో తడిపిన కాగితాన్ని డబ్బాలకు చుట్టారు. పన్నెండు అమెరికానా బొద్దింకల మధ్య నాలుగు డబ్బాలను వదిలారు. బొద్దింకలు మీసాలతో తడిమి చూసి, తమ పక్కన చోటిచ్చాయి. అంతటితో ఆగలేదు. దాక్కోవడానికి రెండు గూళ్లు ఇస్తే బొద్దింకలు వాటంతట అవి నూటికి 73 సార్లు ఎక్కువ చీకటిగా ఉన్నదానిలో చేరేవి. వెలుతురు గూటిని ఎంచుకునేలా డబ్బాలను నడిపించినప్పుడు, అవీ వెనకే వెళ్లి 61 సార్లు వెలుతురులోనే కూర్చున్నాయి. జాతి లక్షణాన్ని సైతం పక్కన పెట్టి, ఒక పెట్టె మాట విన్నాయి!

గ్రెగర్‌ను ఈ డబ్బా పక్కన పెట్టి చూడండి. డబ్బా లోపల మోటారు, పైన బొద్దింక వాసన, దానికి చోటు దొరికింది. గ్రెగర్ లోపల కొడుకు, అన్న, అప్పు తీర్చే ఉద్యోగి, పైన పురుగు. అతనికి ఇంట్లోవాళ్ల ప్రతి మాటా అర్థమవుతుంది, అతని మాట ఎవరికీ అర్థం కాదు. మనుషులం మనవాడిని గొంతుతో, ముఖంతో గుర్తుపడతాం. అవి రెండూ పోయాక ఎన్నేళ్ల సంపాదన తినిపించినా లాభం లేకపోయింది.

గూటికి రమ్మని పిలిచే వాసన పుట్టుకతో వచ్చే కులంలాంటిదేనా అంటే, పూర్తిగా కాదు. 2015లో నార్త్ కరోలినాలో జర్మన్ బొద్దింకలను సూక్ష్మజీవులు సోకకుండా పెంచారు. వాటి రెట్టల దగ్గరికి పిల్ల బొద్దింకలు సరిగా చేరలేదు. మామూలు బొద్దింక పేగులోని బాక్టీరియాను వాటికి ఎక్కించగానే ఆకర్షణ తిరిగొచ్చింది. రమ్మని పిలిచే కార్బాక్సిలిక్ ఆమ్లాలను తయారుచేసేది చాలావరకు ఆ బాక్టీరియానే. పేగులో ఏ బాక్టీరియా ఉండాలో తిండీ, ఉన్న చోటూ కూడా నిర్ణయిస్తాయి. అంటే ఒకే ఇంటి ఎంగిలి తిన్నవి ఒక వాసనకు వస్తాయి. మూడు తరాలుగా ఇక్కడి సాంబారు తింటున్న మా కుటుంబం గుర్తొచ్చి నవ్వుకున్నాను.

వాసన పిలుస్తుంది, ఆ తర్వాత స్పర్శ కావాలి. ఒంటరిగా పెంచిన జర్మన్ బొద్దింక పిల్ల, తోటివాటితో పెరిగిన పిల్లకన్నా నెమ్మదిగా ఎదుగుతుంది. ఆడ బొద్దింక ఒంటరిగా ఉంటే గుడ్లు ఆలస్యంగా పక్వమవుతాయి. మోటారుకు కట్టిన ఈక వచ్చి ఒంటికి తగులుతున్నా చాలు, ఆ ఆలస్యం తగ్గుతుంది. గ్రెగర్‌కు ఆ ఈక కూడా లేదు. కథలో అతని ఒంటికి తగిలేవి తండ్రి తోపు, ఆయన విసిరిన ఆపిల్, చివర్లో పనిమనిషి చీపురు.

ఈ పోలికను నేను మురిపెంగా సాగదీస్తున్నాను గానీ, దీన్ని మరోలా వాడినవాళ్లున్నారు. ఆఫ్రికాలోని రువాండాలో టుట్సీ తెగవాళ్లను ఒక రేడియో కేంద్రం ‘ఇన్యెంజీ’ అని పిలుస్తూ వచ్చింది, బొద్దింకలు అని. 1994లో సుమారు వంద రోజుల్లో ఎనిమిది లక్షల మంది దాకా హతమయ్యారు. ఆ మారణకాండలో తన కుటుంబంలో 37 మందిని పోగొట్టుకున్న స్కొలాస్తిక్ ముకసోంగా, 2006లో తన జ్ఞాపకాల పుస్తకానికి ఆ తిట్టునే పేరుగా పెట్టింది. బొద్దింక అణుబాంబుకు కూడా చావదని మనం పిల్లలకు చెబుతుంటాం. తప్పు. మనిషికన్నా కొన్ని రెట్లు ఎక్కువ రేడియేషన్ తట్టుకుంటుంది, నిజమే, కానీ అరటిపండు చుట్టూ తిరిగే ఈగ దానికన్నా ఎక్కువ తట్టుకుంటుంది. చంపినా చావనిది అనే పేరు ముందే ఉంటే, చంపేవాడికి చెయ్యి వణకదు.

పిల్లకు రువాండా గురించి చెప్పలేదు. ఈక సంగతి చెప్పాను, బాగా నచ్చింది.

మందు పెట్టినతను స్టవ్ వెనకా సింకు కిందా బియ్యపుగింజంత జెల్ చుక్కలు పెట్టి, “అన్నీ వచ్చి తిననక్కర్లేదమ్మా, కొన్ని తింటే చాలు, మిగతావాటికి అవే పంచుతాయి” అన్నాడు. సరిగ్గా చెప్పాడు. కొత్తగా పుట్టిన పిల్లలు గోడ పగులు దాటి దూరం వెళ్లవు, పెద్దవాటి రెట్టలు తిని బతుకుతాయి. మందు తిన్న బొద్దింక వెంటనే చావదు. వాసన పట్టుకుని ఇల్లు చేరుతుంది, తనవాళ్ల మధ్య విసర్జిస్తుంది, అక్కడే చస్తుంది. రెట్టను పిల్లలు తింటాయి, శవాన్ని పెద్దవి తింటాయి.

మూడో రోజు పొద్దున పిల్ల ఫోను చేసింది. “అత్తా, స్టవ్ వెనక పన్నెండు ఉన్నాయి. అన్నీ ఒకేచోట.”