2147483647: అపోహలు, వాస్తవాలు

ప్లేస్‌మెంట్ల సీజన్ వస్తే చాలు, నాకు వచ్చే మెసేజ్‌లన్నీ ఒకే పాట. "సార్, లాజిక్ కరెక్టే, నా లాప్‌టాప్‌లో బాగానే రన్ అయింది. ఒక్క హిడెన్ టెస్ట్ కేస్ మాత్రం ఫెయిల్." మనకు చూపించకుండా కోడ్‌ను పరీక్షించే ఆ ఒక్కదాంట్లో తరచుగా ఉండేది 2147483647 అనే ఈ సంఖ్యే. 2 ఘాతం 31 నుంచి 1 తీసేస్తే వస్తుంది. జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో ఇంట్‌కు, అంటే పూర్ణాంకాలను 32 బిట్లలో దాచే రకానికి, ఇదే గరిష్ఠ విలువ.

అపోహ: పరిమితి దాటితే కంప్యూటరే ఎర్రర్ చూపిస్తుంది.

చూపించదు. ఎవరు పుట్టించారో గానీ ఈ మాట వల్ల పిల్లల ఉద్యోగాలు పోతున్నాయి. మొన్న ఒకమ్మాయి టెస్టు పోగొట్టుకుని, తనకసలు లెక్కలే రావని తేల్చేసుకుని ఫోన్ చేసింది. కోడ్ పంపించమన్నాను. ప్రధాన సంఖ్యో కాదో తేల్చే మామూలు ప్రోగ్రామే. 'ఎన్' అంటే పరీక్షించే సంఖ్య, 'ఐ' అంటే 2 నుంచి ఒక్కొక్కటిగా పెరిగే భాజకం. 'ఐ' వర్గం 'ఎన్'ను దాటనంత వరకు భాగించుకుంటూ పోవాలి. లెక్క ప్రకారం ఏ తప్పూ లేదు, వర్గమూలం దాకా చూస్తే చాలు కదా. ఇక్కడ 'ఎన్' మన సంఖ్యే, దాని వర్గమూలం 46340 దాటి కాస్త. కానీ 46341 వర్గం 2147488281, అది ఇంట్‌లో పట్టదు. జావా నోరెత్తకుండా దాన్ని -2147479015 చేసేస్తుంది. అది 'ఎన్' కన్నా చిన్నదే కాబట్టి లూప్, అంటే మళ్లీ మళ్లీ భాగించే ఆ పని, ఆగదు. అసలు ఏ ఇంట్ అయినా 'ఎన్'ను దాటలేదు కదా, ఇక ఆగేదెప్పుడు? అలా రెండు వందల కోట్లకు పైగా భాగహారాలు చేసి, 'ఐ' చివరికి 'ఎన్' దగ్గరికే చేరుతుంది. తనను తనే భాగించుకుని, శేషం సున్నా వచ్చిందని "ప్రధాన సంఖ్య కాదు" అంటుంది. టైమూ పోయింది, జవాబూ తప్పు. ఆ వర్గం లెక్కను లాంగ్ అనే 64 బిట్ల రకంలో చేయించాం, అంతే. లెక్కలు రాని పిల్ల కాదు తను.

అపోహ: ఇంత పెద్ద సంఖ్య ప్రధాన సంఖ్యో కాదో చేత్తో తేల్చడం అసాధ్యం.

గణిత శాస్త్రవేత్త ఆయిలర్ 1772 నాటికే ఇది ప్రధాన సంఖ్యేనని తేల్చాడు. దీనికి ప్రధాన భాజకం ఉంటే దాన్ని 248తో భాగించినప్పుడు శేషం 1 గానీ 63 గానీ రావాలి. దాంతో 46340 లోపు చూడాల్సినవి నాలుగు వందలు కూడా ఉండవు. వాటిలోనూ ప్రధాన సంఖ్యలు కానివి వదిలేయొచ్చు.

అపోహ: 2కు వేసే ఘాతం ప్రధాన సంఖ్య అయితే, 1 తీసేశాక వచ్చేదీ ప్రధాన సంఖ్యే.

2 ఘాతం 11 మైనస్ 1 అంటే 2047. అది 23 × 89. అయిపోయింది.

అపోహ: 2038లో కంప్యూటర్లన్నీ ఆగిపోతాయి, బ్యాంకులో డబ్బులు మాయం.

ఈ వాట్సాప్ ఫార్వర్డ్ చూసి మా బాబాయి ఎఫ్‌డీ తీసేద్దామా అని అడిగారు. పెద్దవాళ్ల టెన్షన్ నాకు అర్థమవుతుంది, దీన్ని పంపేవాళ్ల మీదే ఒళ్లు మండుతుంది. 1970 జనవరి 1 నుంచి సెకన్లను 32 బిట్లలో లెక్కపెట్టే పాత వ్యవస్థల్లో, 2038 జనవరి 19న మన టైం ప్రకారం ఉదయం 8:44:07కి ఈ సంఖ్య నిండుతుంది. ఆ తర్వాతి సెకనుకు తేదీ 1901కి వెళ్లిపోవచ్చు. 64 బిట్లకు మారిన వాటికి ఆ బెడద లేదు. మారనివాటిని ఈలోగా మార్చుకోవాలి, అది ఇంజినీర్ల పని. ఎఫ్‌డీ ఉండనివ్వండి బాబాయ్ అన్నాను.