రెండున్నర శాతం గీత: మసాచుసెట్స్ ఊళ్లలో బడి డబ్బుల తగవు ఎక్కడ మొదలైంది

చలి తగ్గి మంచు కరిగేసరికి అమెరికాలోని మసాచుసెట్స్ ఊళ్లలో ఇళ్ల ముందు పచ్చికలో చిన్న చిన్న బోర్డులు మొలుస్తాయి. కొన్నిటి మీద 'యెస్', కొన్నిటి మీద 'నో'. అభ్యర్థి పేరు ఎక్కడా ఉండదు, ఎందుకంటే ఓటర్ల ముందుకు వచ్చింది మనిషి కాదు, ఒక అంకె. చట్టం విధించిన హద్దు దాటి ఆస్తి పన్ను ఇన్ని లక్షల డాలర్లు అదనంగా వసూలు చేసుకోవచ్చా అని ఊరు తన ప్రజలను అడుగుతుంది. దానికి అక్కడ ఓవర్‌రైడ్ అని పేరు. ఎక్కువసార్లు ఆ అదనపు డబ్బు అడిగేది బడి కోసమే.

ష్రూస్‌బరీ, వెస్ట్‌బరో, ఆక్టన్ వంటి ఊళ్లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలావరకు బడులను చూసే అక్కడ ఇల్లు కొనుక్కున్నాయి. అంత ఖరీదైన ఊళ్లో టీచర్లను తీసేయడమేమిటి, బస్సుకు రుసుము అడగడమేమిటి అని వాళ్లు ఆశ్చర్యపోవడం సహజం. మన దగ్గర ప్రభుత్వ బడి పంతులు జీతం రాష్ట్ర ఖజానా నుంచి వస్తుంది. ఊరి పంచాయతీ దాని మీద ఓటు వేయదు. నిజానికి మనకూ ఒకప్పుడు వేరే పద్ధతి ఉండేది. 1920 నాటి మద్రాసు ప్రాథమిక విద్యా చట్టం స్థానిక సంస్థలు విద్యా పన్ను వేసుకోవడానికి వీలు కల్పించింది. జిల్లా బోర్డులు బడులు నడిపాయి. ఇప్పుడు 'జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల' అన్న పేరులో ఆ పాత అధికారం జాడ మాత్రం మిగిలింది. మసాచుసెట్స్‌లో ఆ అధికారం ఊరి చేతిలోనే నిలిచింది. తగవులూ దానితోపాటే నిలిచాయి.

అక్కడ బడి బాధ్యత ఊరిదే అన్న నియమానికి దాదాపు నాలుగు వందల ఏళ్ల వయసుంది. 1647లో వలస పాలకులు చేసిన చట్టం ప్రకారం యాభై కుటుంబాలున్న ఊరు చదవడం, రాయడం నేర్పే పంతులును పెట్టుకోవాలి. నూరు కుటుంబాలుంటే లాటిన్ నేర్పే గ్రామర్ స్కూలు కూడా తెరవాలి. మనుషులను బైబిలుకు దూరంగా, అజ్ఞానంలో ఉంచాలని సైతాను పన్నిన ఎత్తును తిప్పికొట్టడానికే ఈ ఏర్పాటు అని చట్టం మొదటి వాక్యంలోనే రాసుకున్నారు. మాట వినని ఊరికి ఏడాదికి ఐదు పౌండ్ల జరిమానా. పంతులును పోషించడం కన్నా జరిమానా కట్టేయడమే చవక అనుకున్న ఊళ్లూ ఉన్నాయి. బడి డబ్బు దగ్గర ఊరు లెక్కలు వేసుకోవడం నిన్నమొన్నటి అలవాటు కాదన్నమాట.

1780లో జాన్ ఆడమ్స్ ప్రధానంగా రాసిన రాష్ట్ర రాజ్యాంగం ఊళ్లలోని ప్రభుత్వ బడులను శాసనసభలు, పాలనాధికారులు ఆదరించి పోషించాలని చెప్పింది. అది బాధ్యతా, శుభాకాంక్షా అన్నది తేలడానికి రెండు వందల ఏళ్లకు పైగా పట్టింది. ఈలోగా 1837లో రాష్ట్ర విద్యా మండలి ఏర్పడి హొరేస్ మన్ దాని మొదటి కార్యదర్శి అయ్యాడు. బడి అందరిదీ, ఖర్చూ అందరిదీ అన్న ఆలోచన ఆయన కాలంలో బలపడింది. కానీ ఆ ఖర్చు ఎత్తే చోటు మారలేదు. ఇల్లు, పొలం, దుకాణం మీద వేసే పన్నే ఆధారం.

అసలు మలుపు 1980లో వచ్చింది. అంతవరకు ఊళ్లో బడుల వ్యవహారం చూసే స్కూల్ కమిటీ మాటకు ఎదురుండేది కాదు. బడికి ఇంత కావాలని కమిటీ తేలిస్తే ఊరు ఇచ్చి తీరాల్సిందే. పన్ను కట్టేవాళ్లకు ఇది మింగుడుపడలేదు. ధరలు మండిపోతున్న ఆ దశకంలో ఆస్తి పన్నులు దేశంలోనే ఎక్కువ ఉన్న రాష్ట్రాల్లో మసాచుసెట్స్ ఒకటి. 'టాక్సచుసెట్స్' అనే వెక్కిరింత పేరు అప్పుడే నాటుకుంది. 1978లో కాలిఫోర్నియా ప్రజలు ప్రపోజిషన్ 13తో ఆస్తి పన్నుకు కళ్లెం వేశారు. ఆ గాలి తూర్పు తీరానికీ తగిలింది. బార్బరా ఆండర్సన్ నాయకత్వంలో సిటిజన్స్ ఫర్ లిమిటెడ్ టాక్సేషన్ అనే సంఘం సంతకాలు సేకరించి తన ప్రతిపాదనను 1980 నవంబరు బ్యాలట్ మీదికి తెచ్చింది. రోనాల్డ్ రీగన్ అధ్యక్షుడిగా గెలిచిన రోజునే దాదాపు 59 శాతం మంది దానికి అవునన్నారు. అదే ప్రపోజిషన్ రెండున్నర.

దీన్ని అక్కడ ఉంటున్నవాళ్లు కూడా తరచు తప్పుగా అర్థం చేసుకుంటారు కాబట్టి కాస్త ఆగాలి. మీ ఇంటి పన్ను ఏడాదికి రెండున్నర శాతం మించి పెరగదని దీని అర్థం కాదు. హద్దు ఊరు మొత్తం మీద వసూలు చేసే పన్నుకు. ఒక ఊరు పోయిన ఏడాది 10 కోట్ల డాలర్లు వసూలు చేసుకోగలిగిందనుకుందాం. ఈ ఏడాది 10 కోట్ల 25 లక్షలు వసూలు చేసుకోవచ్చు. కొత్తగా కట్టిన ఇళ్లు, దుకాణాల మీద వచ్చే పన్ను దానికి అదనం. ఇళ్ల ధరలు రెట్టింపైనా మొత్తం అంతే, ఎవరి వాటా ఎంత అన్నదే మారుతుంది. ఇంకో హద్దు కూడా ఉంది: మొత్తం వసూలు ఊరి ఆస్తుల విలువలో రెండున్నర శాతం దాటకూడదు. అదే ఓటుతో స్కూల్ కమిటీ చేతిలోని ఆర్థిక స్వాతంత్ర్యం పోయింది. కార్ల మీద పన్ను కూడా వెయ్యి డాలర్ల విలువకు 66 డాలర్ల నుంచి 25కు పడిపోయింది.

ఇప్పుడు ఖర్చు వైపు చూడండి. బడి బడ్జెట్‌లో సింహభాగం జీతాలు. ఉద్యోగుల ఆరోగ్య బీమా ధర రెండున్నర శాతం పెరిగి ఊరుకున్న ఏడాది అరుదు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల చదువుకు ఎంతైనా పెట్టాలి, అది చట్టం. మసాచుసెట్స్ 1972లోనే ఆ హక్కును గుర్తించింది, 1975లో కేంద్రం దేశమంతటికీ చట్టం చేసింది. అదనపు ఖర్చుకు తోడ్పాటుగా, ఒక్కో విద్యార్థి మీద దేశ సగటు ఖర్చులో 40 శాతం దాకా తాను ఇస్తానని వాషింగ్టన్ అప్పుడు చెప్పింది. ఇప్పటిదాకా దాని దరిదాపులకు రాలేదు. అలాంటి పిల్లలను ప్రైవేటు ప్రత్యేక బడులకు పంపాల్సి వస్తే ఆ ఫీజూ ఊరిదే. 2024 ఆర్థిక సంవత్సరానికి రాష్ట్రమే ఆ ఫీజులను 14 శాతం పెంచుకోనిచ్చింది. రాబడి రెండున్నర దగ్గర ఆగి ఖర్చు నాలుగు, ఐదు చొప్పున నడిస్తే ఎంత పొదుపుగా నడిచే ఊరైనా కొన్నేళ్లకు గోడకు తగులుతుంది. నా దృష్టిలో ఓవర్‌రైడ్ తగవులో పిసినారులూ దుబారా మనుషులూ తక్కువే. తగవు పెట్టింది ఈ కూడిక.

1980ల మొదట్లో దెబ్బ వెంటనే తగిలింది. టీచర్లను తీసేశారు, బడులు మూశారు. ఆ పైన రాష్ట్ర ఆర్థిక వ్యవస్థ పుంజుకుని ఊళ్లకు సాయం పెరగడంతో గాయం కొంత కప్పుకుపోయింది. దశకం చివర మాంద్యం రాగానే సాయం తెగింది, ఓవర్‌రైడ్‌లు వరసకట్టాయి. పన్నుకు ఆస్తులే లేని పేద నగరాలకు ఓవర్‌రైడ్ కూడా దిక్కు కాదు. బ్రాక్టన్ వంటి చోట్ల పిల్లల తరఫున నడిచిన మెక్‌డఫీ కేసులో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం 1993 జూన్‌లో తీర్పు చెప్పింది: ఆడమ్స్ రాసిన మాట శుభాకాంక్ష కాదు, రాష్ట్రం మీద బాధ్యత. కొద్ది రోజులకే గవర్నర్ విలియమ్ వెల్డ్ విద్యా సంస్కరణ చట్టం మీద సంతకం పెట్టాడు. ఒక్కో ఊరి పిల్లలకు కనీసం ఎంత ఖర్చు పెట్టాలో లెక్కకట్టి, ఊరు భరించగలిగింది పోను మిగతాది రాష్ట్రం ఇచ్చే పద్ధతి అప్పుడు మొదలైంది. ఏ ఊరికి ఎంత వస్తుందో చెప్పే పత్రాన్ని ఇప్పటికీ చెర్రీ షీట్ అంటారు. ఒకప్పుడు దాన్ని ఆ రంగు కాగితం మీద అచ్చువేసేవారు.

ఆ లెక్క పాతబడింది. ఆరోగ్య బీమా, ప్రత్యేక విద్య ఖర్చులను తక్కువగా చూపిస్తోందని 2015లో సమీక్షా సంఘం తేల్చింది. 2019 నవంబరులో వచ్చిన స్టూడెంట్ ఆపర్చునిటీ చట్టం ఏడేళ్లలో 150 కోట్ల డాలర్లు పెంచుతామంది. ఆ డబ్బులో పెద్ద భాగం లారెన్స్, స్ప్రింగ్‌ఫీల్డ్, వూస్టర్ వంటి ఆదాయం తక్కువ ఉన్న నగరాలకు వెళ్లింది. వెళ్లాల్సిందే. శివారు ఊళ్లలో చాలావాటికి మాత్రం విద్యార్థికి ఇంత అని పెట్టే నామమాత్రపు పెంపే దక్కింది. పైగా ధరలు ఎంత పెరిగినా ఏడాదికి 4.5 శాతం మించి లెక్కలోకి తీసుకోరు. కోవిడ్ తర్వాత ధరలు అంతకన్నా ఎక్కువ పెరిగిన ఏళ్లలో ఆ తేడాను ఊళ్లే మోశాయి. కోవిడ్ సాయంగా కేంద్రం ఇచ్చిన నిధులు 2024తో ముగిశాయి. ఈ రెండూ కలిసి వచ్చిన సమయంలోనే ఓవర్‌రైడ్ బోర్డులు మళ్లీ ఎక్కువయ్యాయి.

ఇక ఊళ్లో ఉద్యమం ఎందుకు తల్లిదండ్రుల చేతికి వచ్చిందంటే, బడి తన గోడు తాను చెప్పుకోలేదు. బ్యాలట్ ప్రశ్న మీద ఓటర్లను ఒప్పించడానికి ప్రజాధనం వాడకూడదని 1978లోనే రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం బోస్టన్ నగరానికి చెప్పింది. అందుకని ఊరి బడులన్నిటికీ పెద్ద అధికారి అయిన సూపరింటెండెంట్ అంకెలు చూపించవచ్చు, 'యెస్' అనండి అంటూ పిల్లల సంచుల్లో కాగితం పెట్టి పంపకూడదు. తల్లిదండ్రులే కమిటీగా నమోదై, చందాలు పోగుచేసి, లెక్కలు దాఖలు చేసి, ఇల్లిల్లూ తిరుగుతారు. అవతలి పక్షానికీ అదే నియమం. ఆ పక్షాన కనిపించే వయసు పైబడినవాళ్లను తేలిగ్గా తీసిపారేయలేం. నలభై ఏళ్ల కిందట కొన్న ఇంటి విలువ ఎన్నో రెట్లయి ఉంటుంది, చేతికొచ్చే పింఛను మాత్రం అలా పెరగదు.

ఓవర్‌రైడ్‌లోనూ రకాలున్నాయి, ఓటర్లు వాటిని విడదీసి చూస్తారు. భవనం కట్టడానికి తెచ్చిన అప్పు తీరేదాకా పన్ను పెంచుకునేది ఒకటి. జీతాల వంటి రోజువారీ ఖర్చుకు శాశ్వతంగా హద్దు పెంచేది ఇంకొకటి. 2023 మార్చిలో న్యూటన్ నగరం ఓటర్లు రెండు బడి భవనాలకు అవునని, రోజువారీ ఖర్చుకు కాదని చెప్పారు. మరుసటి జనవరిలో అక్కడి టీచర్లు, ఆ రాష్ట్రంలో చట్టవిరుద్ధమే అయినా, పదకొండు బడి దినాలు సమ్మె చేశారు. ఓటుకు, సమ్మెకు మధ్య ఒక్క కారణం గీత గీయడం సరికాదు. అయినా ఆ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడకుండా ఉండలేం. ష్రూస్‌బరీ మాత్రం 2014లో ఒకసారి, 2021లో ఇంకోసారి రోజువారీ ఖర్చుకే ఓవర్‌రైడ్ గెలిపించింది.

ఆ ఓట్లలో మనవాళ్ల పాత్ర ఎంత అంటే, జవాబు కాస్త ఇబ్బందికరం. హెచ్-1బీ మీద ఉన్నవారు, గ్రీన్ కార్డు ఉన్నవారు కూడా ఓటు వేయలేరు. పన్ను మాత్రం అందరితో సమానంగా కడతారు. పౌరులు కాని శాశ్వత నివాసులకు ఊరి ఎన్నికల్లోనైనా ఓటివ్వాలని ఆమ్‌హర్‌స్ట్, కేంబ్రిడ్జ్ వంటి చోట్ల నుంచి రాష్ట్ర శాసనసభకు అభ్యర్థనలు వెళ్లాయి, ఒప్పుకోలు రాలేదు. అయితే బడ్జెట్ ఖరారయ్యే ముందు స్కూల్ కమిటీ బహిరంగ విచారణ జరపాలని చట్టంలో ఉంది. అక్కడ మైకు ముందు నిలబడటానికి పాస్‌పోర్టు అడగరు. బోర్డు పాతడానికి, తలుపు తట్టడానికి, పొరుగువారికి అంకెలు విడమరచి చెప్పడానికీ అడగరు. ఇరవై ఏళ్లుగా గ్రీన్ కార్డు వరుసలో ఉన్న తండ్రి పన్ను చెక్కు రాస్తూనే ఉంటాడు. ఆ ఇంట్లో ఓవర్‌రైడ్ మీద మొదటి ఓటు వేసేది చాలాసార్లు అక్కడే పుట్టి, అదే బడి నుంచి బయటికి వస్తున్న పద్దెనిమిదేళ్ల కూతురు.